100% కాటన్ అని నమ్మి అల్లిన తాబేలు

నరసాపురం,
పశ్చిమ గోదావరి జిల్లా

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 100% కాటన్ అని అమ్మిన క్రోషా (హుక్‌తో అల్లే అల్లిక) కిట్‌లో సింథటిక్ దారం ఉండటం, దానితో అల్లిన పాట్ హోల్డర్ (వేడి గిన్నె పట్టుకునేది) కరిగి చెయ్యి కాలడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

గత నెల మీ వెబ్‌సైట్‌లో తాబేలు ఆకారం పాట్ హోల్డర్లు రెండు అల్లుకునే కిట్ కొన్నాను. ధర 1,249 రూపాయలు. పెట్టెలో 50 గ్రాముల దారం ఉండలు నాలుగు, 4 మిల్లీమీటర్ల హుక్, కళ్లకి ప్లాస్టిక్ పూసలు, చిన్న పుస్తకం ఉన్నాయి. పెట్టె మీద, ప్రతి ఉండకీ చుట్టిన కాగితం మీద, మీ వెబ్‌సైట్ పేజీలో, మూడుచోట్లా '100% కాటన్' అని రాసి ఉంది. ఆ మాట నిజం కాదు. దానివల్ల మా అత్తగారి చెయ్యి కాలింది.

మాది లేసు అల్లే ఊరు. అప్పట్లో మిషనరీలు నేర్పిన ఈ పనితో ఇక్కడ ఎన్నో ఇళ్లు గడిచాయి. మా అమ్మ, అత్తగారు ఇద్దరూ అరుగు మీద కూర్చుని లేసు అల్లినవాళ్లే. నేనూ చిన్నప్పటి నుంచి హుక్ పట్టాను కానీ, మేం వాడేది సన్నటి నూలు దారం. మీరు పంపినంత లావు దారంతో ఎప్పుడూ అల్లలేదు. అందుకే చేతికి కాస్త జారుడుగా, మెరుపుగా తగిలినా అనుమానించలేదు. లావు కాటన్ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. లేబుల్‌ని నమ్మాను.

తాబేలు అల్లడానికి ఆరు రోజులు పట్టింది. చిప్పకి ఆకుపచ్చ దారంతో రెండు బిళ్లలు అల్లి, ఒకదాని మీద ఒకటి పెట్టి అంచు కలిపాను. తల, నాలుగు కాళ్లు, చిన్న తోక గోధుమ రంగు. తోక పక్కనే మేకుకి తగిలించడానికి ఒక ఉంగరం. ప్లాస్టిక్ కళ్లు మాత్రం పెట్టలేదు. వేడి గిన్నె పట్టుకునే వస్తువుకి ప్లాస్టిక్ పూసలు ఇవ్వడమే తప్పు. నల్ల దారంతో కళ్లు కుట్టాను. మూడేళ్ల మా మనవరాలు వీడియో కాల్‌లో చూసి తనకీ ఒకటి కావాలంది. రెండో తాబేలు మా అమ్మాయి ఇంటికి పంపుదామనుకున్నాను.

రెండు వారాల క్రితం ఆదివారం పొద్దున అత్తగారు దోసెలు పోస్తున్నారు. మాది పాత ఇనప పెనం, పిడి లేదు. ఆవిడ యాభై ఏళ్లుగా దాన్ని మసిగుడ్డతోనే దించుతున్నారు. నేనే "దీంతో పట్టుకోండి అత్తయ్యగారూ, మందంగా ఉంది" అని తాబేలుని చేతికిచ్చాను. ఆవిడ పెనం అంచు పట్టుకుని లేపారు. రెండు మూడు క్షణాలు గడిచాయో లేదో, "అబ్బా" అని పెనం వదిలేశారు. అది గట్టు మీద పడింది, నయం, కాళ్ల మీద పడలేదు. తాబేలు పొట్ట పెనం అంచుకి అతుక్కుపోయి ఉంది. లాగితే నల్లటి తీగలు సాగాయి. వంటిల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు. ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ కరిగిన దారం అంటుకుని, చల్లటి నీళ్ల ధార కింద చెయ్యి పెట్టించాక కూడా రాలేదు. డాక్టరు గారు శుభ్రం చేసి కట్టు కట్టారు. ఆవిడకి షుగర్ ఉంది, పుండు మానడానికి టైం పడుతుందన్నారు. ఆ రోజు నుంచీ నాకు అదే టెన్షన్.

కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక అత్తగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నూలు గుడ్డయితే ముందే కమురు వాసన వచ్చేదమ్మాయ్, వదిలేసేదాన్ని. ఇది చేతికి అంటుకుపోయింది" అని మాత్రం అన్నారు. మీరు వినాల్సిన మాట ఇదే. నూలు కరగదు, మాడుతుంది. మాడేముందు వాసన వస్తుంది, జాగ్రత్తపడే వ్యవధి దొరుకుతుంది. పాలిస్టర్ 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకన్నా ముందే మెత్తబడుతుంది. అక్రిలిక్ ఇంకా తొందరగా మెత్తబడుతుంది. దోసెలు పోసే ఇనప పెనం 200 డిగ్రీలు దాటడం మామూలే. స్వెట్టరుకో టోపీకో అక్రిలిక్ వాడితే ఎవరికీ నష్టం లేదు. మీరు అమ్మింది వేడి గిన్నె పట్టుకోవడానికి.

అదే రోజు సాయంత్రం దారం పరీక్ష చేశాను. అమ్మ పెట్టెలోంచి పాత లేసు దారం ఒక ముక్క, మీ ఆకుపచ్చ ఉండలోంచి ఒక ముక్క తీసుకుని, సింకులో స్టీలు పళ్లెం పెట్టి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించాను. అమ్మ దారం కాగితంలా కాలింది, వాసన కూడా కాలిన కాగితం వాసనే. మిగిలిన బూడిదని వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయింది. మీ దారం మంట తగలకముందే వెనక్కి ముడుచుకుంది. నల్ల పొగ వచ్చి, కరిగి, బొట్టుగా పళ్లెం మీద పడింది. చల్లారాక చూస్తే మిరియపు గింజంత నల్ల పూస, గోటితో గిల్లినా గీత పడలేదు. నాలుగు ఉండల్లోంచీ ముక్కలు తీసి చూశాను, నాలుగూ అంతే. వీడియో జతచేశాను. అది పాలిస్టరో, అక్రిలిక్కో, కొంత కాటన్ కలిపినదో మీరు ఎక్కడ కొన్నారో ఆ బిల్లులు చూసి మీరే చెప్పాలి.

పుస్తకం గురించి కూడా చెప్పాలి. అమెరికాలో సింగిల్ క్రోషా అనే కుట్టునే బ్రిటన్‌లో డబుల్ క్రోషా అంటారు. మీ పుస్తకంలో డబుల్ క్రోషా అని రాశారు కానీ, ఏ దేశం పద్ధతో ఎక్కడా చెప్పలేదు. నేను అమెరికా పద్ధతి అనుకుని వేస్తే చిప్పలో కుట్టుకీ కుట్టుకీ మధ్య సందులు వచ్చాయి. ఆ సందుల్లోంచి వేడి నేరుగా వేళ్లకి తగులుతుంది. మొత్తం విప్పేసి బిగువుగా సింగిల్ వేశాను. కొత్తగా నేర్చుకునే పిల్ల అయితే ఆ చిల్లుల చిప్పనే వాడేది.

ఈ సంగతులన్నీ పదకొండు రోజుల క్రితం మీ చాట్‌లో రాశాను. ప్యాకెట్ విప్పాక రిటర్న్ కుదరదన్నారు. విప్పకుండా అల్లేదెలా? తర్వాత, వచ్చే ఆర్డర్‌కి పది శాతం తగ్గించే కూపన్ పంపారు. నాకు కూపన్ వద్దు. ఫిర్యాదు నంబరు అడిగితే ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి అని 2020 ఈ-కామర్స్ నియమాల్లో స్పష్టంగా ఉంది.

మా నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఆడవాళ్లు ఎంత సంతోషపడ్డారో దగ్గరుండి చూశాను. సరుకు మీద రాసిన మాట నిజమని కొనేవాళ్లు నమ్మాలనే కదా ఆ గుర్తింపు. మీ లేబుల్ మీద మాటకి కూడా ఆ విలువ ఉండాలని అడుగుతున్నాను.

కిట్ డబ్బు 1,249 రూపాయలు, జతచేసిన బిల్లుల ప్రకారం వైద్యం ఖర్చు 1,860 రూపాయలు నాకు చెల్లించండి. వెబ్‌సైట్‌లో ఆ కిట్ అమ్మకం ఇవాళే ఆపండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పటికే ఆ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ, ఇందులోది కాటన్ కాదు, వేడి గిన్నెలకి వాడొద్దు అని ఫోన్‌కి మెసేజ్ పంపండి. వాళ్ల నంబర్లన్నీ మీ దగ్గర ఉన్నాయి. వాళ్లలో ఎంతమంది ఇంట్లో ఆ తాబేలు పొయ్యి పక్కన మేకుకి వేలాడుతోందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు కూడా వెళ్తాను.

మీరు ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవడానికి గోధుమ రంగు ఉండలో మిగిలిన దారం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మిగతా ఉండలు, వాటి లేబుళ్లు, కరిగిన తాబేలు నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్
(సంతకం)

జత: బిల్లు నకలు, వైద్యం బిల్లులు, లేబుల్ ఫోటోలు, దారం పరీక్ష వీడియో