గానుగ నూనెపై ఆడించిన తేదీ ముద్రించాలి

సంపాదకులకు నమస్కారం.

మా అనంతపురంలో మాదిరిగానే చాలా పట్టణాల్లో గానుగ నూనె దుకాణాలు పెరగడం సంతోషించదగిన విషయమే. అయితే రసాయనాలు కలపలేదని, వేడి తగలకుండా ఆడించామని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టుకున్న దుకాణాలు సైతం ఆ నూనెను లోపలిది కనిపించే ప్లాస్టిక్ సీసాల్లో నింపి, కొనేవారి కంటికి బంగారంలా మెరవాలని కాబోలు, దుకాణం ముందువైపు ఎండ పడే అరలోనే పేర్చుతున్నాయి.

గాలి, వెలుతురు, వేడి నూనెను పాడుచేస్తాయి. రిఫైండ్ నూనెలో వాసనను, తేమను తొలగిస్తారు, చాలాసార్లు నిల్వ ఉండేందుకు, గాలి వల్ల పాడవకుండా ఆపే యాంటీఆక్సిడెంట్లు కూడా కలుపుతారు. గానుగ నూనెకు గింజతో పాటు వచ్చిన విటమిన్-ఇ వంటి పదార్థాలే రక్షణ. ఆ రక్షణ కూడా అన్ని నూనెలకూ ఒక్కటి కాదు. నువ్వుల నూనెలో సెసమాల్ వంటి సహజ రక్షక పదార్థాలు ఉన్నందున అది చాలాకాలం నిలుస్తుంది. ఏడాది పొడవునా ఉండాల్సిన ఆవకాయకు కోస్తా ఇళ్లలో దాన్నే ఎంచుకోవడం ఊరికే కాదు. కొబ్బరి నూనెలో సుమారు 90 శాతం, గాలితో సులువుగా మార్పు చెందని సంతృప్త కొవ్వే కాబట్టి దానికి గాలితో అంత భయం లేదు. అవిసె నూనె సంగతి వేరు. అందులో సగానికి పైగా ఉండే లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం గాలి సోకగానే మార్పు చెందడం మొదలవుతుంది గనుక, దాన్ని ముదురు రంగు గాజు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది వారాల్లోనే వాడేయాలి. ఇంత తేడా ఉన్నా, నేను చూసిన దుకాణాల్లో అన్ని సీసాలపైనా ఒకే గడువు కనిపించింది.

తయారీ తేదీ గానీ, ప్యాక్ చేసిన తేదీ గానీ ముద్రిస్తే నిబంధన ప్రకారం సరిపోతుంది. అంటే, పీపాలో నెల రోజులున్న నూనెను నిన్న సీసాలో నింపినా, దానిపై నిన్నటి తేదీయే ఉంటుంది. ఆహార భద్రత అధికారులు గానుగ నూనెల విషయంలోనైనా ఆడించిన తేదీని తప్పనిసరి చేయాలి. గానుగదారులు సైతం మడ్డి తేరిన నూనెను మూత బిగించిన స్టీలు డబ్బాల్లో, నీడలో ఉంచాలి.

ఇళ్లలోనూ పొయ్యి పక్కనే నూనె డబ్బా పెట్టే అలవాటు మానాలి. ఆరోగ్యమని ఈ మధ్య కొందరు నూనెను రాగి, ఇత్తడి పాత్రల్లో పోసుకుంటున్నారు గానీ, రాగి తగిలిన నూనె త్వరగా కనరు వాసన కొడుతుంది. స్టీలు, గాజు, పింగాణీ జాడీ మేలు. పెద్ద డబ్బా కొన్నవారు నూనెను చిన్న సీసాల్లోకి మెడ దాకా నింపుకుంటే లోపల గాలికి చోటు తగ్గుతుంది. అడుగున మిగిలిన పాత నూనె మీద కొత్తది పోస్తే, పాతదానిలో మొదలైన చెడు కొత్తదానికీ అంటుకుంటుంది. అందుకే ప్రతిసారీ సీసాను కడిగి, తడి లేకుండా ఆరబెట్టాకే నింపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం.