మా అమ్మానాన్నలను వరద దాటించిన పాత స్కౌట్ మిత్రులకు కృతజ్ఞతలు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, మా అమ్మానాన్నలను మేడ మీది నుంచి దించి క్షేమంగా పొడినేలకు చేర్చిన నా చిన్ననాటి స్కౌట్ మిత్రులకు, ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లను సొంత అత్తమామల్లా చూసుకున్న వారి ఇల్లాళ్లకు, సందుసందునా దారి చూపిన పేరు తెలియని సింగ్‌నగర్ కుర్రాళ్లకు నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పబోతే అందరూ “ఊరుకోవోయ్” అని మాట మార్చేశారు. రాతలో అయితే నా మాటకు అడ్డు వచ్చేవారు ఉండరు కాబట్టి ఈ మార్గం ఎంచుకున్నాను.

ఆగస్టు 31న కురిసిన కుండపోతకు బుడమేరు కట్టకు మూడుచోట్ల గండ్లు పడి, ఆదివారం నాటికి మా వీధి చెరువైపోయింది. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన నాన్నగారికి ఆ వేసవిలోనే తుంటి ఆపరేషన్ జరిగింది. వాకర్ లేకుండా నాలుగు అడుగులు వేయలేరు. అమ్మ ఇన్సులిన్ మీద ఉంది. కింది వాటాలోకి నీళ్లు రావడంతో పక్కింటివారు ఇద్దరినీ ఎలాగో మేడ మీది గదికి చేర్చారు గాని, కరెంటు పోయింది, మంచినీళ్లు అయిపోవచ్చాయి, ఫోను ఛార్జింగు అడుగంటింది. నేను నాగపూర్‌లో ఉన్నాను. బయలుదేరదామంటే కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద మట్టీ కంకరా కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ రైలుమార్గం తెగిపోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోతున్నదన్న వార్త చూసేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడు మా పాత స్కౌట్ ట్రూప్ (దళం) వాళ్ల వాట్సాప్ బృందంలో విషయం రాశాను. పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప ఏళ్ల తరబడి మరొకటి కనిపించని ఆ బృందంలో, జవాబుగా వచ్చినవన్నీ ప్రశ్నలే. మేడమెట్లు ఇంటి లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా? నాన్నగారి బరువెంత? వీధి మొదట్లో నీటికి పైన కనిపించే గుర్తు ఏమిటి? ఏ మందులు కావాలి, అవి ఏ అరలో ఉన్నాయి? పెన్షన్ కాగితాలు కింది బీరువాలో ఉన్నాయా, పైకి తెచ్చారా? ఈ ప్రశ్నలు అడగడం వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు. అది చెప్పకుండా ఈ కృతజ్ఞత పూర్తి కాదు.

మేమంతా సత్యనారాయణపురం రైల్వే కాలనీ పిల్లలం. మా ట్రూప్ విజయవాడలోనే ఉన్నా, ఆంధ్రప్రదేశ్ శాఖ కిందికి కాక దక్షిణ మధ్య రైల్వే శాఖ కిందికి వచ్చేది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో రైల్వే జోన్లకు రాష్ట్రాలతో సమానమైన స్థానం ఉంది. ఆ సంగతి మేము బడిలో తోటి పిల్లల ముందు కాస్త అవసరానికి మించి గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా స్కౌట్ మాస్టారు రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. వారమంతా ఇనుముతో పనిచేసి, ఆదివారం పొద్దున్నే ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫామూ మెడలో స్కార్ఫూ వేసుకుని, సైకిలు మీద, మా అందరికంటే ముందే వచ్చేవారు. పిల్లలను ఆరుగురు, ఏడుగురు చొప్పున పెట్రోళ్లుగా, అంటే చిన్న జట్లుగా విడదీశారు. మాది టైగర్ పెట్రోల్. పులిని మాలో ఎవరమూ చూడలేదు, అది వేరే విషయం.

ప్రార్థనా గీతమూ జెండా గీతమూ హిందీలో ఉండేవి. అర్థం తెలియకపోయినా రాగం తప్పేవాళ్లం కాదు. ఆ తరువాత కవాతు. నిజం చెప్పాలంటే కవాతు వల్ల నాకు ఒరిగింది తక్కువే. చూసేవారికి స్కౌటింగ్ అంటే కవాతే కనిపిస్తుంది గాని, అసలు పని డెన్‌గా, అంటే ట్రూపు స్థావరంగా వాడుకునే పాత క్వార్టరు గదిలో తాళ్లు బయటికి తీసినప్పుడు మొదలయ్యేది. రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లవ్ హిచ్, బౌలైన్ — ఈ ముళ్లను ముందు కళ్లు తెరిచి, తరువాత కళ్లు మూసుకుని, చివరికి తాడును బకెట్టులో నానబెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని కట్టించేవారు. బౌలైన్ నేర్పేటప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో తాడు కొస అనే కుందేలు బొరియలోంచి వచ్చి చెట్టు చుట్టూ తిరిగి మళ్లీ బొరియలోకి పోతుంది. మా మాస్టారి కథలో అది ఉడుము. “లోపలికి పోయిందా? ఇంక ఉడుంపట్టే, ఏనుగు లాగినా జారదు” అనేవారు. మనిషి నడుముకు కట్టవలసింది ఆ ముడేనని, ఎంత బరువు పడ్డా దాని ఉచ్చు బిగుసుకోదని, మిగతా ముళ్లలో కొన్ని మనిషికి కడితే ప్రాణం తీస్తాయని ఆయన చెప్పిన తీరుకు మాకు నవ్వు ఆగిపోయేది.

ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అంటూ మెట్లు ఉండేవి. తృతీయ సోపాన్ దాటి రాజ్య పురస్కార్, ఆ పైన రాష్ట్రపతి పురస్కారం అందుకున్న వారికి రైల్వేలో స్కౌట్ కోటా కింద ఉద్యోగం వచ్చే అవకాశం ఉంటుందని కాలనీలో తల్లిదండ్రులందరికీ తెలుసు. చాలామందిని పంపించింది ఆ ఆశే. మాస్టారు దానిని తప్పుపట్టేవారు కాదు. రోజుకొక మంచి పని చేసి డైరీలో రాయాలన్న నియమం దగ్గర మాత్రం ఊరుకునేవారు కాదు. ఒక వారం మా పెట్రోల్ మొత్తం ఒకే ఆవుకు నీళ్లు పెట్టినట్టు రాసుకొచ్చింది. ఆయన డైరీలన్నీ ఓపికగా చదివి, “ఆ ఆవు బతికే ఉందా?” అని అడిగారు.

ఎండాకాలం సెలవుల్లో మా అసలు పరీక్ష విజయవాడ జంక్షన్‌లో జరిగేది. సీసా నీళ్లు కొనుక్కునే అలవాటు ఇంకా రాని ఆ రోజుల్లో, మే నెల మధ్యాహ్నం ఢిల్లీ వైపు నుంచి మద్రాసుకు, హౌరా నుంచి మద్రాసుకు పోయే బండ్లు ఆగగానే ప్రయాణికులు కుళాయిల దగ్గరికి పరుగెత్తేవారు. బండి దిగితే సీటు పోతుందని భయపడేవారు మాత్రం దాహంతోనే కూర్చునేవారు. మేము బకెట్లూ మగ్గులూ పట్టుకుని కిటికీల దగ్గరికి వెళ్లి పోసేవాళ్లం. ముందు జనరల్ పెట్టెలకే పోయాలన్నది మాస్టారు పెట్టిన నియమం. అవి బండికి ఒకటి ఈ చివరా ఒకటి ఆ చివరా ఉంటాయి కాబట్టి ట్రూపును రెండుగా చీల్చి, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం మీదికి రాకముందే రెండు కొసల్లో నిలబెట్టేవారు. నడుమ ఉన్న పెట్టెల్లోని పెద్దమనుషులు చప్పట్లు కొట్టి పిలిచినా పోవడానికి లేదు. బండి కదిలేటప్పుడు మగ్గులు కూడా మద్రాసు వెళ్లిపోతున్నాయని, తరువాతి వేసవికి ప్రతి మగ్గునూ పురికొసతో బకెట్టుకు కట్టించారు. ఆ కొస కట్టింది కూడా క్లవ్ హిచ్‌తోనే.

1992 కృష్ణా పుష్కరాల్లో మాకు దుర్గాఘాట్ దగ్గర తప్పిపోయిన పిల్లల పని అప్పగించారు. ఏడుస్తున్న పిల్లవాణ్ణి పేరు అడిగితే చెప్పడు. మైకు దగ్గరికి తీసుకుపోతే ఆ మోతకు ఇంకా బెదిరిపోతాడు. అందుకని ముందు వాణ్ణి కూర్చోబెట్టి, మీ ఇంటి ముందు ఏ చెట్టు ఉంది, మీ ఆవు రంగేమిటి అని అడిగి, ఆ ఆనవాళ్లనే మైకులో చెప్పించేవాళ్లం. వరద రోజున మా వాట్సాప్ బృందంలో నా మీద కురిసిన ప్రశ్నల వెనుక ఆ ఘాట్ ఉందని నా నమ్మకం. ఇరవై నాలుగు వస్తువులను ఒక్క నిమిషం చూపించి, గుడ్డ కప్పేసి, ఏమేమున్నాయో రాయమనే కిమ్స్ గేమ్ కూడా ఉందేమో. నాన్నగారి వినికిడి యంత్రం సంగతి నేను చెప్పడం మరిచినా, బయలుదేరే ముందు తయారుచేసిన జాబితాలో అది ఉంది.

ఇక జరిగింది చెబుతాను. అప్పటి మా పెట్రోల్ లీడర్ ఇప్పుడు సొంతంగా టెంట్‌హౌస్ నడుపుతున్నాడు. షామియానాలకు వాడే సరుగుడు కర్రలూ తాళ్లూ అతనివే. ఇంకో మిత్రుడు టైరు పంక్చర్ల దుకాణాల వెంట తిరిగి లారీ ట్యూబులు సంపాదించాడు. ట్యూబుల మీద కర్రలను అడ్డంగా, నిలువుగా పేర్చి, కలిసిన ప్రతిచోటా స్క్వేర్ లాషింగ్ (కర్రలను కలిపి బిగించే తాడు కట్టు) వేసి, దాని మీద ప్లాస్టిక్ కుర్చీని బిగించారు. వాళ్ల దగ్గర ఉన్న లావు తాడు పొడవు చాలకపోతే, సన్నటి నైలాను తాడును దానికి షీట్ బెండ్‌తో కలిపారు. మందం తేడా ఉన్న రెండు తాళ్లను కలపడానికి నేర్చుకున్న ముడి అదే. ముందు నడిచే వ్యక్తి నడుముకు బౌలైన్ కట్టి, రోడ్డు కింద తెరిచి ఉన్న డ్రెయిన్లు ఎక్కడున్నాయో కర్రతో పొడిచి చూస్తూ, స్థానిక కుర్రాళ్లు చెప్పిన దారిలో మా ఇంటికి చేరారు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు కదలకుండా స్కార్ఫుల్లాగే మూలగా మడిచిన పంచెలతో కట్టి, నలుగురు కలిసి మేడమెట్లు దించారు. గార్డుగా ఎన్నో రైళ్లు నడిపించిన మనిషి కాబట్టి, కదిలే ముందు “రైట్” అని ఆయనే చెప్పారట. అమ్మ రెండో విడతలో, ఇన్సులిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

ఆ ఒక్కసారితో వాళ్ల పని ఆగలేదు. అదే వీధిలో ఉన్న నిండు గర్భిణిని, మరో ఇద్దరు వృద్ధులను అదే తెప్ప మీద తెచ్చారు. తరువాత రోజుల్లో పాలూ నీళ్లూ పులిహోర పొట్లాలూ మోశారు. నీళ్లు తీశాక మా కింది వాటాలో మోకాలి లోతున పేరుకున్న బురదను పారలతో ఎత్తిపోసింది కూడా వాళ్లే. అందరూ నలభైలు దాటినవాళ్లు, ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరికి గుండెకు స్టెంటు. స్టెంటు ఉన్న మిత్రుణ్ణి నీళ్లలో దిగనివ్వకుండా ఒడ్డున తాడు కొస పట్టుకునే పనికి నియమించారట. ఆ అవమానాన్ని ఆయన ఇంకా మరిచిపోలేదని విన్నాను. ఆయనకు ప్రత్యేకంగా నమస్కారం.

మాస్టారికి ఇప్పుడు ఎనభై దాటాయి, కూతురి దగ్గర ఉంటున్నారు. సంగతంతా ఫోనులో చెప్పి, “మాస్టారూ, ఇదంతా మీ చలవే” అన్నాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా, లాషింగ్ వేశాక దాన్ని కర్రల నడుమ బిగించే ఫ్రాపింగ్ చుట్లు ఎన్ని వేశారు, తాడు తడిశాక సడలిందా అని అడిగారు. సడలలేదని చెప్పాకే మా నాన్నగారి కులాసా కనుక్కున్నారు.

కర్రల అద్దె, ట్యూబుల ఖర్చు ఇస్తానంటే మిత్రులు ఎవరూ తీసుకోలేదు. అందుకని ఆ డబ్బుతో రైల్వే కాలనీలో ఇప్పుడున్న స్కౌట్ పిల్లలకు తాళ్లు, బకెట్లు, త్రికోణపు కట్టుగుడ్డలు కొంటున్నాను. 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడిన రోజు కాబట్టి, నవంబరు 7 నాటికి అవి డెన్‌కు చేరేలా పంపిస్తాను. తాళ్లు ఎంత మందం ఉండాలో, ఎన్ని బారలు ఉండాలో మాస్టారే చెప్పారు. నైలాను వద్దన్నారు, ముడి జారుతుందట.