ఎర్ర ఇటుక గోడకు పెయింటెందుకు?

సంపాదకుడు గారికి,

మా ఊళ్లో బ్రిటిష్ వాళ్ల కాలంలో గానుగ సున్నంతో కట్టిన సర్కారు బడి ఒకటుంది. ప్లాస్టరింగ్ లేదు, ఇటుక ఇటుకగానే కనబడేది. మొన్న వేసవి సెలవుల్లో దానికి ఎనామిల్ పెయింట్ కొట్టించారు. నడుం ఎత్తు దాకా చాక్లెట్ రంగు, ఆపైన క్రీమ్. బాగా మెరుస్తోందని అందరూ మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ని, నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఆ గోడలో ప్రతి వరసలోనూ ఇటుక పొడుగు ఒకసారి, తల ఒకసారి కనబడేలా మార్చి మార్చి పేర్చారు. ఫ్లెమిష్ బాండ్ అంటారు. ఇంగ్లిష్ బాండ్‌లో అయితే ఒక వరసంతా పొడుగులు, పై వరసంతా తలలు. బలానికి అదే మేలు గానీ కంటికి మొదటిదే అందం. కిటికీల పైన కమానుకి ఇటుకల్ని ఒక పక్క సన్నగా అరగదీసి అతికారు, సందులో గోరు దూరదు. చూరు కింద ఒక వరసని మూలలు బయటికొచ్చేలా ఏటవాలుగా పెట్టారు. ఎండ పడితే దాని నీడ రంపపు పళ్లలా ఉండేది. చెక్కడాలూ బొమ్మలూ లేకుండా ఒట్టి ఇటుకతో మేస్త్రీ చేసిన సింగారం అది. ఇప్పుడు జాయింట్లే కనబడవు.

అందం మాట అటుంచండి. సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మని పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన ఎనామిల్ గానీ సిమెంటు గానీ పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుని ఇటుక ముఖమే పెచ్చులూడుతుంది. బడి ఉత్తరం మూలలో పెయింటు అప్పుడే బుడగలు లేచింది. వేలితో నొక్కాను, ఎర్రటి పొడి రాలింది.

చెన్నై సెంట్రల్‌లో దిగినవాళ్లు రిప్పన్ బిల్డింగ్ పక్కనున్న విక్టోరియా పబ్లిక్ హాల్ చూసే ఉంటారు. బ్రిటిష్ ఆర్కిటెక్టు చిషోమ్ గీసిన నమూనాతో కంట్రాక్టరు నంబెరుమాళ్ చెట్టి 1888–90 మధ్య కట్టించాడు. పక్కనున్న తెల్లటి భవనం ముందు ఆ ఎరుపు ఇంకా నిండుగా కనబడుతుంది. తిరువనంతపురంలో ఆర్కిటెక్టు లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో గోడల్లో ఇటుకలు వదిలేసి జాలీలు చేశారు. గాలీ వెలుతురూ వాటిలోంచే. ఇటుకని పక్కమీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్‌కి ప్రచారం తెచ్చిందీ ఆయనే. దానితో ఇటుకలు పావు వంతు దాకా మిగులుతాయి.

మనమేమో నిజం ఇటుకకి పెయింటు కొట్టి, అపార్ట్‌మెంట్ల ముందు బ్లాకులతో కట్టిన గోడకి ఇటుక బొమ్మ టైల్స్ అంటిస్తున్నాం! బూడిద ఇటుకలకి నేను వ్యతిరేకిని కాను, వాటివల్ల పొలం మట్టి మిగులుతుంది. వరస తప్పకుండా కడితే అవీ ప్లాస్టరింగ్ లేకుండానే బాగుంటాయి.

మున్సిపల్ ఇంజనీర్లని అడిగేది ఒక్కటే. మరమ్మతుల ఎస్టిమేట్ వేసేటప్పుడు ఇటుక బయటికి కనబడే పాత భవనాలకి ‘పెయింటింగ్’ ఐటమ్ తీసేసి, సున్నంతో జాయింట్ల పాయింటింగ్, అంటే ఇటుకల సందులు నింపే పని, రాయండి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు గానీ ఇంకా ఉన్నారు.

మా బడి పెయింటు తీయించాలనుకుంటే మాత్రం ఇసుకని జోరుగా చిమ్మి గీకే శాండ్ బ్లాస్టింగ్ వద్దు. కాలి గట్టిపడిన పైపొర పోతే ఇటుక వానని తాగేస్తుంది. ముందు ఒక మూల అరచేయంత మేర పెయింట్ రిమూవర్ రాసి చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
రాజమహేంద్రవరం