మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా సంఘం చేసిన పనులు మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు కాబట్టి ఇక్కడ పైసల ముచ్చట తక్కువ. ఏడాది మొదట్లో మనం అనుకున్నది ఒక్కటే. ఏ క్లాసు పెట్టినా విని, చప్పట్లు కొట్టి ఇంటికి పోయేలా ఉండొద్దు, ఆ సాయంత్రమే ఇంట్లో చేయడానికి ఏదో ఒక పని దొరకాలి. అలా చూస్తే కొన్ని బాగా జరిగాయి, కొన్ని జరగలేదు. రెండూ చెబుతాను.

మొదట నీళ్ల సంగతి. 2023 జులై చివరి వానలు హనుమకొండలో ఎవరం మరిచిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఇక్కడ భద్రకాళి చెరువు కట్ట తెగింది, మన సందుల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అదే సందుల్లో మరుసటి మే నెలకు బోర్లు గాలి పోస్తుంటే ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టాం. ముంచెత్తిన నీళ్లు ఎటు పోయాయని అడిగితే మన దగ్గర జవాబు లేదు. అందుకే మేలో ఇంకుడు గుంతల క్లాసుతో మొదలుపెట్టాం. ఆ రోజు చెప్పిన లెక్క ఇది: వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా నీళ్లు. అంటే మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకు దాదాపు నిండినట్టే. ఈ ఒక్క మాట విన్నాక చాలామంది ఇంటికి పోయి తమ డాబా పైపు ఎక్కడ దిగుతున్నదో చూసుకున్నారు.

గుంతల్లో మనవల్ల ఒక తప్పు జరిగింది. మూల మీద తవ్వించిన మొదటి గుంతకు అడుగున పెద్ద రాళ్లు, ఆ పైన కంకర, అన్నిటికన్నా పైన దొడ్డు ఇసుక బాగానే పోయించాం. కానీ నీళ్లు గుంతలో పడే ముందు మట్టి, ఆకులు ఆగడానికి చిన్న తొట్టి కట్టించలేదు. జూన్ వానకే ఒండ్రు వచ్చి ఇసుక మీద పేడతో అలికినట్టు పేరుకుంది. రెండో వానకు నీళ్లు ఇంకలేదు, గుంత నిండి రోడ్డు మీదికి వచ్చాయి. ఆగస్టులో పై ఇసుకంతా తీసి, జాలీ వేసిన తొట్టి కట్టించాం. తొలకరి వానకు డాబా మీది దుమ్మంతా కొట్టుకొస్తుంది, ఆ నీళ్లను గుంతలోకి కాక బయటికి వదలాలన్నది కూడా అప్పుడే తెలిసింది. తర్వాత తవ్వినవన్నీ ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

కంపోస్టు క్లాసులు ఆదివారం పొద్దున జరిగాయి. పక్కలకు చిల్లులు పెట్టిన మట్టి కుండలో కూరగాయల తొక్కలు, టీ పొడి, అన్నం మెతుకులు వేయడం నేర్పాం. రెండు వారాలు తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి. వాసన, తెల్ల పురుగులు, అత్తగారు కుండ బయట పారేయమంటున్నారు. నిజంగానే టెన్షన్ పడ్డాం. మూడో ఆదివారం ఒకరింటికి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ క్లాసులో కూర్చుంది. కాసేపు విని లేచి, కుండలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి పిసికింది. వేళ్ల సందుల నుంచి నీళ్లు కారాయి.

"బిడ్డా, గిది తడిసి ముద్దయింది. ఎండుటాకు ఏది?" అన్నది.

వాకిట్లో రాలిన వేపాకు చీపురుతో ఊడ్చి తెచ్చి, పిరికెడు తొక్కలకు రెండు పిరికెళ్ల ఎండుటాకు చొప్పున కలిపించింది. పైన కొంచెం పులిసిన మజ్జిగ చల్లింది. పిసికితే చెయ్యి తడి కావాలి, చుక్క కారొద్దు, ఇదే గుర్తు అని చెప్పింది. నాలుగు రోజుల్లో వాసన పోయింది. అప్పటి నుంచి క్లాసు చెప్పేది ఆమె. మేము కుర్చీలు వేస్తున్నాం. రాలిన ఆకులు తగలబెట్టే అలవాటు మన కాలనీలో దాదాపు ఆగిపోయిందంటే కారణం ఇదే. అవి ఇప్పుడు అందరికీ కావాలి.

వినాయక చవితికి పిల్లలతో చెరువు మట్టి విగ్రహాలు చేయించాం. పండుగ సెప్టెంబరు 7న. ఆగస్టు 31 నుంచి ముసురు పట్టడంతో మట్టి ఎండనే లేదు. కమ్యూనిటీ హాల్లో ఫ్యాన్ల కింద పెట్టాం. పెద్ద విగ్రహానికి తొండం పగిలితే పిల్లలే తడిగుడ్డ చుట్టి, మెత్తని మట్టితో అతికారు. తొమ్మిది రోజులు ఆ అతుకు కనబడుతూనే ఉంది, పూజా జరిగింది. ఇంటి విగ్రహాలు బకెట్లలోనే నిమజ్జనం చేసి, ఆ మట్టిని కుండీల్లో పోసుకున్నాం.

బతుకమ్మ గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు. అక్టోబరు 2న, పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికి తెల్లవారకముందే పిల్లల్ని తంగేడు పూలకు తీసుకుపోవాలనుకున్నాం. మన చిన్నప్పుడు కాలనీ దాటితే తంగేడే. ఇప్పుడు ఆ జాగలన్నీ హద్దురాళ్లు పాతిన ప్లాట్లు. ధర్మసాగర్ వైపు పోతే తప్ప ఒడి నిండలేదు. బతుకమ్మలో పేర్చే గునుగు పూలు ఇంకా తక్కువ. మక్క చేలల్లో కలుపు మందు కొడితే ముందు పోయేది గునుగే అని చేను దగ్గర కలిసిన రైతు చెప్పాడు. ఆయన దృష్టిలో అది కలుపు, మన ఆడబిడ్డలకు అదే పండుగ. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్నాం. కానీ పువ్వు బజార్లో కొనుక్కునే రోజు వస్తే ఆ గౌరవం దేనికి? అందుకని గునుగు, తంగేడు విత్తనాలు ఏరి, పార్కు వెనక ఖాళీ జాగలో చల్లడానికి సంఘం గదిలో బూడిద కలిపి దాచాం. చివరి రోజు, సద్దుల నాడు చెరువు కట్ట మీద ఆడవాళ్లు పూలు తెచ్చిన కవర్లను గంపల్లో వేయించారు. బతుకమ్మతో పాటు నీళ్లలోకి పోయింది పూలూ ఆకులే.

ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉన్నా ఫంక్షన్లలో థర్మాకోల్ ప్లేట్లు కనబడుతూనే ఉన్నాయి. చందాలతో స్టీలు పళ్లాలు, గ్లాసులు కొన్నాం. ఎవరికైనా ఉచితం. మొదట ఎవరూ తీసుకుపోలేదు, కారణం కడిగేదెవరన్న ప్రశ్న. గిన్నెలు తోమే ఆమెకు కూలి ఇంత అని ముందే రాసి అంటించాక తీసుకుపోతున్నారు. కార్తీక వనభోజనాలకు మాత్రం మోదుగాకు ఇస్తార్లే.

సోలార్ క్లాసుకు జనం బాగా వచ్చారు. కేంద్ర పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ఉందని, నీడ పడని డాబా ఉంటేనే లాభమని వివరించారు.

రెండు ప్రయాణాలు చేశాం. జనగామ జిల్లా ఏనబావి 2006లోనే రసాయన మందులు మానేసిన ఊరు. అక్కడ వేప కషాయం తయారీ చూశాం. జనవరిలో పిల్లలతో రామప్ప. గుడి చూసి తిరిగొచ్చేవారే ఎక్కువ, మనం చెరువు కట్ట మీద కూడా నడిచాం. 1213 నాటి గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది సరే, పక్కనున్న చెరువు కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే (అలుగు పారితే) కిందిది నిండే కాకతీయుల గొలుసుకట్టు ఎలా ఉంటుందో పిల్లలు అక్కడే మట్టిలో గీసుకున్నారు.

జరగనిది మొక్కల పని. జులైలో వనమహోత్సవానికి కానుగ, వేప, జమ్మి నాటి ఫొటోలు దిగాం. నీళ్లు పోసే వంతులు రాసుకోలేదు. ఫిబ్రవరికి చాలా ఎండిపోయాయి. బతికినవి ఎవరింటి ముందు ఉన్నవో వాళ్లు పోసినవే. ఇది కార్యవర్గం తప్పు. ఈసారి పోసేవారి పేరు ముందు రాసుకుని, అన్నే మొక్కలు తెస్తాం.

మిరుగు (మృగశిర కార్తె) రాకముందే గుంతల తొట్లన్నీ ఖాళీ చేయాలి. మే చివరి రెండు ఆదివారాలు, పొద్దున ఆరున్నరకు మొదలు. పారలు, గంపలు సంఘం గదిలో ఉన్నాయి, తాళం చెవి వాచ్‌మెన్ దగ్గర తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి