సబ్బుపొడి, సోడా ఇకపై వేర్వేరు ప్యాకెట్లలో

తువ్వాళ్లు బిరుసెక్కుతున్నాయనీ, తెల్లబట్టలు బూడిదరంగుకు తిరుగుతున్నాయనీ కొందరు కస్టమర్లు రాస్తున్నారు. అదే సబ్బుపొడి వాడే మరికొందరికి ఆ బాధే లేదు. తేడా అంతా నీళ్లలో ఉంది. అందుకే బట్టల సోడాను పొడిలో కలిపేయకుండా విడిగా ఇస్తున్నాం. ఎవరి నీళ్లకు తగ్గట్టు వాళ్లు వేసుకోవాలి.

మాది కొబ్బరినూనెతో చేసిన అసలు సబ్బు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సబ్బును కరగని తెట్టుగా మార్చేస్తాయి. ఈ ఖనిజాల మోతాదునే కాఠిన్యం అంటారు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్లు 10 లీటర్లు తీసుకుంటే, సుమారు 14 గ్రాముల సబ్బు మురికి జోలికి పోకుండానే ఖర్చయిపోతుంది. పోయిన సబ్బు ఊరికే పోదు, తెట్టై నూలుపోగుల్లో చేరుతుంది. తువ్వాలు బిరుసెక్కేది దానివల్లే. నురగ రాలేదని ఇంకో చెంచా పొడి వేస్తే, ఆ కాఠిన్యం తీరేదాకా పెరిగేది తెట్టే.

మీ నీళ్లెలాంటివో తేల్చుకోవడం తేలిక. పారదర్శకమైన సీసాలో సగందాకా నీళ్లు పోసి, చిటికెడు సబ్బుపొడి వేసి గట్టిగా గిలకొట్టండి. పైన నురగ నిలిచి, కింద నీళ్లు తేటగా ఉంటే సోడా అక్కర్లేదు. నీళ్లు పాలలా మారి, సీసా గోడకు తెల్లటి పలుకులు అంటుకుంటే సోడా తప్పదు.

సోడా నీళ్లలోని కాఠిన్యాన్ని సబ్బుకంటే ముందే తీసేస్తుంది. పైన చెప్పిన 10 లీటర్ల నీళ్లకు లెక్కప్రకారం 3, 4 గ్రాముల సోడా చాలు. మురికికీ కొంత పోతుంది కాబట్టి 10 గ్రాములు, అంటే సుమారు రెండు టీచెంచాలు వేయండి. వరస ముఖ్యం: ముందు సోడా వేసి, కరిగాక ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత వేణ్నీళ్లలో కరిగించిన సబ్బు, ఆ తర్వాతే బట్టలు. పట్టు, ఉన్ని బట్టలకు మాత్రం సోడా వద్దు, మా సబ్బూ వద్దు; క్షారం వాటి పోగును తినేస్తుంది.

ఇప్పటికే బిరుసెక్కిన తువ్వాళ్లను 10 లీటర్ల వేణ్నీళ్లలో 40 గ్రాముల సోడా వేసి గంటసేపు నానబెట్టి, బాగా జాడించండి. వెనిగర్ వేయాలనుకుంటే ఆఖరి జాడింపులోనే. సబ్బు మిగిలుండగా వేస్తే అది విరిగి కొవ్వు ఆమ్లంగా మారి, బట్టకు జిడ్డులా పట్టుకుంటుంది. సబ్బు, వెనిగర్ కలిపి చేసే క్లీనర్లు పనిచేయకపోవడానికి కారణం ఇదే. వెనిగర్‌ను బ్లీచ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

మా సబ్బుతో కానివీ ఉన్నాయి. నీలి మెరుపునిచ్చే ఆప్టికల్ బ్రైటెనర్లు మేం కలపం; వాటికి అలవాటుపడ్డ కంటికి, మురికి పోయినా, తెలుపు కాస్త పాలిపోయినట్టు కనిపించవచ్చు. మరకలను విడగొట్టే ఎంజైములూ లేవు కాబట్టి నెత్తుటి మరకలను ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. వంటింటి జిడ్డుకు ఇది బాగా పనిచేస్తుంది. కుళాయిల మీద తెల్లటి గారను మాత్రం కదల్చలేదు. దానికి వెనిగర్ కావాలి, పాలరాతి మీద పడకుండా చూసుకోండి, గుంటలు పడతాయి.

మీ దగ్గరున్న పాత ప్యాకెట్లలో సోడా ముందే కలిసి ఉంది. అవి అయిపోయేదాకా కొత్త సోడా కలపకండి.