ఐదు సగం టోపీలు, ఒక జారిన కుట్టు

పిల్లల కోసం మేం వేసిన బొమ్మల పుస్తకం వచ్చేసింది. 24 పేజీలు, వెయ్యి కాపీలు. నిన్న ఆఖరి కట్ట ఆటోలోంచి దింపేసరికి రాత్రి రెండు దాటింది. కళ్ళు మండుతున్నాయి, చేతులకు ఇంకా ప్రెస్సు వాసన పోలేదు. అయినా సాయం చేసినవాళ్ళ గురించి ఈ నాలుగు మాటలూ ఇవాళే రాయాలి.

కథ తెలియనివాళ్ళ కోసం. లంబసింగిలో ఒక పాప. పోయినేడు తొడుక్కున్న ఎర్ర స్వెట్టరు ఈ ఏడు పట్టదు. అమ్మమ్మ దాన్ని విప్పి, పాపకి అల్లిక నేర్పుతుంది. ఒక్క స్వెట్టరు ఊలుతో ఊళ్ళో అప్పుడే పుట్టిన పిల్లలకు ఏడు టోపీలు. టోపీకి పాతిక గ్రాములు చాలు, కాబట్టి లెక్క సరిపోతుంది. మొదటి పేజీలో మొదలైన ఎర్ర పోగు ఆఖరి పేజీ దాకా తెగకుండా నడుస్తుంది. అంతే కథ.

పెన్సిలు బొమ్మలు అయ్యాక, తప్పులుంటే చెప్పండని తెలిసినవాళ్ళకి పంపాం. వాళ్ళు ఇంకొకరికి పంపారు. బాగుందన్నారు అందరూ. గోదావరి జిల్లా నుంచి ఒక పెద్దావిడ మాత్రం ఫోను చేసి, పేజీ నంబర్లతో సహా ఏది ఎందుకు తప్పో చెప్పారు. మాకు ఆవిడ ఎవరో తెలియదు, ఆవిడకి మేమెవరమో తెలియదు. పేరు వెయ్యొద్దన్నారు, అందుకే ఇక్కడా రాయడం లేదు.

ఆరో పేజీలో పాప చేతిలో కొక్కెం సూది, అంటే క్రోషా సూది, ఉంది. చిత్రకారుడు నర్సాపురం లేసు ఫొటోలు ముందు పెట్టుకుని గీశాడు. లేసు అల్లేది ఒక్క క్రోషా సూదితో, కుట్టు అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఊలు టోపీ అలా కాదు. వరసలో కుట్లన్నీ సూదుల మీదే ఉండాలి, సూది లాగేస్తే మొత్తం జారిపోతుంది. గుండ్రంగా అల్లాలంటే రెండు కొసలా మొన ఉన్న సూదులు నాలుగు కావాలి: మూడింటి మీద కుట్లు, నాలుగోది అల్లడానికి.

తొమ్మిదో పేజీలో ఉండ నుంచి వచ్చిన పోగు టోపీ అంచు దగ్గర ఎక్కడో కలుస్తోంది. పోగు ఎప్పుడూ ఇప్పుడే అల్లిన కుట్టులోంచి రావాలి, అంటే కుడిచేతి సూది మొన దగ్గర్నుంచి. అమ్మమ్మ సైకిలు పుల్లలతో అల్లుతున్నట్టు రాశాం. మన ఊళ్ళల్లో చాలామంది అలాగే నేర్చుకున్నారు, నిజమే. కానీ సైకిలు పుల్ల మందం రెండు మిల్లీమీటర్లు. స్వెట్టరు ఊలు దాని మీద అల్లితే టోపీ అట్టలా బిరుసెక్కుతుంది, సాగదు. నాలుగు మిల్లీమీటర్ల సూది కావాలి, కొట్లో ఎనిమిదో నంబరు అని అడగాలి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఇప్పుడు పుస్తకంలో అమ్మమ్మ వెదురు పుల్లలకు గరుకు కాగితం రాస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు అంకెలో ఉంది. మేము 70 కుట్లు అని రాశాం. అంచు సాగాలంటే రెండు నిట్టు (సూటి కుట్లు), రెండు పర్లు (తిరగ కుట్లు) చొప్పున అల్లుతారు, అంటే నాలుగేసి. 70లో రెండు మిగిలిపోతాయి. పైన గుమ్మటం మూసేటప్పుడు చుట్టుకి ఎనిమిది కుట్లు తగ్గించాలి. 70ని ఎనిమిదితో భాగిస్తే ఆరు మిగులుతాయి, టోపీ ఒక పక్కకి లాగేస్తుంది. 72 అయితే రెండూ కుదురుతాయి. ఏడు కుట్లు అల్లి, తర్వాతి రెండిటినీ కలిపి ఒకటిగా అల్లుతూ చుట్టంతా వెళితే 64. మామూలుగా ఒక చుట్టు. ఆరు అల్లి రెండు కలిపితే 56. మళ్ళీ మామూలు చుట్టు. అలా 48, 40, 32, 24, 16, ఆఖరికి 8. ఎనిమిదో ఎక్కం వెనక నుంచి! ఆవిడ ఫోనులో గబగబా చెప్పుకుంటూ పోతుంటే, ఇక్కడ రాసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. పుస్తకానికి పాట దొరికేసింది. పదహారు నుంచి పంతొమ్మిదో పేజీ దాకా ఇప్పుడున్నది అదే.

అక్కడితో ఆపేసినా జన్మంతా గుర్తు పెట్టుకునేవాళ్ళం. పదకొండు రోజులకి చెప్పుల డబ్బా ఒకటి వచ్చింది. లోపల అయిదు సగం టోపీలు. చిత్రకారుడు చూసి గీసుకోడానికి ఒక్కోటి ఒక్కో దశలో ఆపి పంపారు. మొదటిది 72 కుట్లు ఎక్కించి, చుట్టు కలిపిన దగ్గర. కలిపేముందు వరస మెలిపడకుండా చూసుకోవాలి, ఒక్క మెలి పడినా తర్వాత సరిచెయ్యలేం, మొత్తం విప్పాల్సిందే. రెండోది రెండు సెంటీమీటర్ల అంచు దాకా. మూడోది అంచు నుంచి పది సెంటీమీటర్లు. నాలుగోది తగ్గిస్తూ 40 దగ్గర. అయిదోదానికి మిగిలిన ఎనిమిది కుట్లలోంచి పోగు దూర్చి ఉంది, లాగి బిగించడమే తరువాయి. సూదులకి బదులు కుట్లలోకి కొబ్బరి ఈనెలు గుచ్చారు, కొసలు జారకుండా వాటికి మైనం ముద్దలు.

ఆరోది చిన్న ముక్క. దాంట్లో కావాలనే ఒక కుట్టు జార్చారు. నాలుగు వరసలు కిందికి నిచ్చెనలా విడిపోయి ఉంది. కథలో పాప కుట్టు జార్చేసి ఏడుస్తుంది కదా, ఆ పేజీ కోసం. పక్కనే ఒక క్రోషా సూది! జారిన కుట్టుని దాంతో అందుకుని, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే లోపలికి లాక్కుంటూ పైకి తేవాలి. మేము తప్పుగా గీసిన కొక్కెం సూదికి పుస్తకంలో ఆవిడే చోటు చూపించారు.

డబ్బా అడుగున చిన్న చిన్న ఉండలు. ఒక్కో సగం టోపీకి ఇంకా ఎంత ఊలు పడుతుందో అంత, దాని పోగుకే తగిలించి, చుట్టి పెట్టారు. బొమ్మలయ్యాక విప్పెయ్యొద్దు, పూర్తి చేసి ఎవరైనా పసిబిడ్డకి ఇవ్వండి అని చీటీ.

ఆ చీటీ చదివి మాలో ఎవ్వరం కాసేపు మాట్లాడలేదు. పిల్లలకి ఇవ్వడం గురించి పుస్తకం రాస్తున్నది మేము. కొరియరు డబ్బులు పంపుతామంటే కూడా ఒప్పుకోలేదు. అమ్మా, మీకు ఏం చెప్పినా తక్కువే. మూడో పేజీలో 'అయిదు టోపీల అమ్మమ్మకు' అని వేశాం. అంతవరకు ఏమనుకోకండి.

ప్రెస్సులో మిషను దగ్గరుండే అన్నకి దండం. పిన్నుల పుస్తకంలో నడిమి రెండు పేజీలు, అంటే 12, 13 మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన పడతాయి. మిగతా ఎదురెదురు పేజీలు వేరే వేరే షీట్ల నుంచి వస్తాయి. మా ఎర్ర పోగు ప్రతి మడత దగ్గరా ఓ మిల్లీమీటరు పైకో కిందికో తెగినట్టు కనిపించింది. తెగకూడని పోగు అదొక్కటే! మడత దగ్గర పోగుని లావు చేసి, అడ్డంగా దాటించమని చెప్పింది ఆయనే. అక్షరాలు నాలుగు రంగులు కలిపి వేసే నలుపులో కాకుండా ఒట్టి నలుపులో పెట్టమన్నదీ ఆయనే. లేకపోతే రంగు కాస్త కదిలినా ఒత్తులు అలికినట్టయిపోతాయి.

ఒక్క మాట అనకుండా ఉండలేకపోతున్నాం. ఫోనులో తెలుగు టైపు చెయ్యడం చిన్నపిల్లలకి కూడా వచ్చేసింది. యూనికోడు వచ్చి ఇన్నేళ్ళయింది. ఇంకా ఎన్నో చోట్ల పేజీలు పెట్టేది పాత సాఫ్ట్‌వేర్‌లో, పాత ఫాంట్లలో. మన ఫైలు ఇస్తే దాన్ని మార్చాలి, మార్చినప్పుడల్లా అక్షరాలు చెదురుతాయి. 'స్వెట్టర్‌లో' అని రాసింది, ర కింద ల ఒత్తు పడి 'స్వెట్టర్లో' అయి వస్తుంది. 24 పేజీల పుస్తకానికి అయిదు ప్రూఫులు చూశాం. కూడబలుక్కుని చదివే పిల్లలకి ఒక్క ఒత్తు తప్పినా ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఇది ఏ ఒక్క ప్రెస్సు తప్పూ కాదు, వాళ్ళూ అదే బాధ పడుతున్నారు. తెలుగు పుస్తకాలంటే అందరికీ అభిమానమే, ఈ పని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఇంట్లోవాళ్ళకి వేరే చెప్పేదేముంది. వంటలు, పిల్లలు, అప్పు, అన్నీ వాళ్ళే చూసుకున్నారు.

అయ్యో, ఆసుపత్రి నర్సు గారిని మర్చిపోయాం. ఇరవయ్యో పేజీలో టోపీకి పెద్ద కుచ్చు పెట్టాం, తీయించింది ఆవిడే. పసిబిడ్డల టోపీకి కుచ్చులు, గుండీలు, కట్టుకునే తాళ్ళు ఉండకూడదు. లోపల వదులు పోగులుంటే బిడ్డ వేళ్ళకి చుట్టుకుంటాయి. ఉతికి ఆరేశాకే తొడగాలి. పుట్టిన బిడ్డకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి అక్కణ్ణుంచే చాలా పోతుంది, అందుకే టోపీ అంత ముఖ్యమని ఓపిగ్గా చెప్పారు.

స్కాను చేసిపెట్టిన జెరాక్స్ షాపు తమ్ముడికి. విప్పిన ఊలు నూడుల్సులా ముడతలుంటే, చిలపలు (పొడుగు చుట్టలు) చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి, కింద బరువు వేలాడదీసి ఆరబెట్టమని చెప్పిన చెల్లికి (అది ఎనిమిదో పేజీ అయింది). పిల్లలకి చదివి వినిపించి, పదమూడో పేజీలో మాటలు ఎక్కువయ్యాయన్న అంగన్‌వాడీ టీచరు గారికి. అర్ధరాత్రి కట్టలు మోసిన ఆటో అన్నకి.

ఇంకోటి. నాలుగు టోపీలు పూర్తయి ఆసుపత్రికి వెళ్ళాయి. 40 కుట్ల దగ్గర ఆగినది ఇంకా చిత్రకారుడి బల్ల మీదే ఉంది. తనే నేర్చుకుని పూర్తి చేస్తానన్నాడు, నిన్నటికి 32కి వచ్చాడు.