2022 ఈతలో పుట్టిన పాము పిల్లల్ని కొన్నవారికి: నేను ఇచ్చిన మాట తప్పయింది

నమస్కారమండి. 2022 ఆగస్టులో పుట్టిన గార్టర్ పాము పిల్లల్ని నా దగ్గర కొన్న తొమ్మిది కుటుంబాలకూ, ఈ మధ్య కొత్తగా నా దగ్గర కొంటున్నవారికీ ఈ ఉత్తరం. ఇంగ్లీషులో వేరే రాసి పంపాను. కానీ నా కస్టమర్లలో సగం మంది మన తెలుగువాళ్ళే, అందులోనూ పిల్లలు ముచ్చటపడితే కొనిచ్చినవాళ్ళే ఎక్కువ. మీకు ఈ సంగతి మన భాషలో చెప్పాలనిపించింది.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఆ ఈతలో 15 పిల్లల్ని "హండ్రెడ్ పర్సెంట్ హెట్ ఆల్బినో" అని చెప్పి అమ్మాను. అంటే, ఒంట్లో నల్లరంగు లేకుండా ఎర్ర కళ్ళతో పుట్టే ఆల్బినో గుణం ప్రతి పిల్లలోనూ తప్పకుండా దాగి ఉందని. ఆ మాట నిజం కాదు. వాటిలో కొన్నింటికి ఆల్బినో గుణం ఉంది, కొన్నింటికి అసలు లేదు. ఏది ఏదో చూసి చెప్పడం నాతో సహా ఎవరివల్లా కాదు. తెలిసి చేసింది కాదు గానీ, తెలుసుకోగలిగే అవకాశం మూడేళ్ళ కిందటే నా కళ్ళ ముందు ఉంది.

కొత్తవారి కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. గార్టర్ పాములు ఇక్కడ అమెరికాలో తోటల్లో, కాలవ గట్ల మీద తిరిగే పాములు. మన నీరుకట్టె పాముకి దగ్గరి చుట్టాలు. నల్లటి ఒంటి మీద పొడుగునా మూడు పసుపు చారలు ఉండటం మామూలు. అయితే మేముండే ఒహాయోలో, ఈరీ సరస్సు పడమటి ఒడ్డున, చారలే లేకుండా నిగనిగలాడే నల్లవి కూడా తిరుగుతుంటాయి. గవదకింద మాత్రం తెల్లటి మచ్చ ఉంటుంది. ఒడ్డున అవి అంత అరుదేమీ కాదు, లోపలికి వచ్చేకొద్దీ కనబడవు. ఆ నల్లరంగు తల్లిదండ్రులిద్దరి నుంచీ అందితేనే బయటపడుతుందని, ఒక్కరి నుంచే వస్తే లోపల దాగి ఉంటుందని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రీడా కాబ్ బ్లాంచర్డ్, ఆమె భర్త ఫ్రాంక్ ఈ పాముల్ని పెంచి చూసి తేల్చారు. ఆ పేపరు 1941లో అచ్చయింది. వాళ్ళు పనిచేసిన ఆన్ ఆర్బర్ మాకు గంట ప్రయాణం. నా గదిలో టబ్బుల మీద చీటీలు అంటించేటప్పుడల్లా ఆవిడ గుర్తొస్తారు.

ఆల్బినో గుణమూ అంతే. లోపల దాగి ఉన్న పాముని హెట్ అంటాం. చూడ్డానికి మామూలు పామే. రెండు హెట్లను కలిపితే నాలుగింట ఒకటి ఆల్బినో పుడుతుంది. హెట్‌ని ఆల్బినోతో కలిపితే సగానికి సగం. నేను మీకు అమ్మింది ఆ కనబడని గుణాన్నే. అలాంటి సరుకుకి అమ్మినవాళ్ళ మాట తప్ప వేరే రుజువేమీ ఉండదు.

మా ఆల్బినో మగపాము 2021 మేలో దొరికింది. ఒక రైతు అనుమతి తీసుకుని ఆయన పొలం గట్టున పాత ఇనుప రేకులు ఎత్తి చూస్తున్నాం. సరస్సుకి చాలా దూరం ఆ పొలం. మూడో రేకు కింద లేత నారింజ రంగులో ఏదో తాడు ముక్కలా ఉంది. మా ఆయన ప్లాస్టిక్ తాడే అనుకున్నాడు. అది కదిలింది. చేతిలోకి తీసుకుంటే కళ్ళు దానిమ్మ గింజల్లా ఉన్నాయి, భయంతో నా మణికట్టంతా కంపు వదిలింది. ఆ వాసన మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోలేదు. బయట అలాంటి పిల్ల ఏడాది బతకడమే గొప్ప. పక్షి కంటికి అరమైలు దూరం నుంచే కనబడుతుంది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో సరస్సు ఒడ్డున ఒక నల్ల ఆడపాము దొరికింది. ఇంటికి తెచ్చిన మూడో రోజు ఆల్బినో మగదాని టబ్బులో పెట్టాను. రెండూ జతకట్టడం నా కళ్ళతో చూశాను, తేదీ రాసుకున్నాను. గార్టర్ పాములు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆగస్టులో ఆ నల్లది 26 పిల్లల్ని ఈనింది. ఒక్కొక్కటీ పల్చటి పొరలో చుట్టుకుని, తడి కవర్లో పెట్టిన దారపు ఉండలా బయటికొచ్చింది. అవి మూతితో పొర చించుకుని మొదటిసారి నాలుక బయటపెట్టడం మా పాప, నేను అర్ధరాత్రి దాకా చూస్తూ కూర్చున్నాం. రెండు దక్కలేదు. మిగిలిన 24లో 20 చారలవి, నాలుగు నల్లవి.

తప్పు జరిగింది అక్కడే. తండ్రిలో నల్ల గుణం లేకపోతే నల్ల పిల్లలు పుట్టవు. మా ఆల్బినో దొరికిన చోట నల్ల పాములే లేవు. అయినా "దీనిలో నల్ల గుణం కూడా దాగి ఉందన్నమాట, ఎంత అదృష్టం" అని సంబరపడ్డాను. అదే మాట ప్రకటనలోనూ రాశాను. ఆ నాలుగూ వేరే తండ్రి పిల్లలేమో అన్న ఆలోచన రాలేదు. రాలేదనడం కన్నా, రానివ్వలేదనడమే సరైనది.

గార్టర్ ఆడపాము ఒకటి కన్నా ఎక్కువ మగపాములతో జతకట్టగలదు. అంతకుముందు శరత్కాలంలో అందిన వీర్యాన్ని చలికాలమంతా ఒంట్లో దాచుకుని వసంతంలో వాడుకోగలదు కూడా. ఒకే ఈతలో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలు ఉండటం వీటిలో మామూలే. ఇది నాకు తెలియని సంగతి కాదు. పుస్తకంలో చదివాను, పక్కన పెట్టాను.

నాలుగు నల్లవాటినీ, చారలవాటిలో అయిదింటినీ ఉంచుకుని మిగతా 15 మీకు ఇచ్చాను. మామూలు పిల్ల 40 డాలర్లయితే వీటికి 140 తీసుకున్నాను.

ఈ ఏడు జూలైలో వేరే రాష్ట్రం నుంచి ఒక కుర్రాడు రాశాడు. పదో తరగతి చదువుతున్నాడు. నా దగ్గర కొన్న జతని మూడేళ్ళు పెంచి, చలినిద్ర పెట్టి, పద్ధతిగా జతకట్టించాడు. 17 పిల్లలు పుట్టాయి, ఒక్కటీ ఆల్బినో కాదు. "ఆంటీ, నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగాడు. నేను అయిదు నిమిషాల్లో జవాబిచ్చేశాను: "ఒక్కోసారి అంతే నాన్నా, లక్కు కలిసిరాలేదు, వచ్చే ఏడు చూడు." రెండూ నిజంగా హెట్లే అయితే 17కి 17 మామూలువి పుట్టే అవకాశం వందలో ఒకటి కూడా లేదు. కాగితం మీద లెక్క వేసి ఉంటే తెలిసేది. ఆ పని చేయకుండా తప్పంతా పిల్లవాడి అదృష్టం మీదికి తోసేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. వాళ్ళింటికి ఫోన్ చేసి అతనికీ, వాళ్ళమ్మగారికీ క్షమాపణ చెప్పాను.

ఆగస్టులో నా ఇంట్లోనే లెక్క తేలింది. నేను ఉంచుకున్న మూడు ఆడవాటిని ఈ వసంతంలో ఆల్బినో మగదానితోనే కలిపాను. ఇవి పుట్టినప్పటి నుంచీ వేరువేరు టబ్బుల్లోనే పెరిగాయి, వేరే మగపాము నీడ కూడా పడలేదు. ఒకటో నంబరు 20 పిల్లల్ని ఈనింది, 11 ఆల్బినోలు. రెండోది 23, ఒక్కటీ లేదు. మూడోది 18, ఒక్కటీ లేదు. రెండోది హెట్ అయ్యుంటే అలా జరిగే అవకాశం ఎనభై లక్షల్లో ఒకటి కూడా లేదు. పైగా మొత్తం 61 పిల్లల్లో ఒక్క నల్లదీ లేదు. అంటే మా ఆల్బినోలో నల్ల గుణం లేనేలేదు. 2022లో పుట్టిన ఆ నాలుగు నల్లవాటి తండ్రి సరస్సు ఒడ్డునే ఉండిపోయాడు. చారలవాటిలో కొన్నింటికీ మా ఆల్బినో తండ్రి కాదన్నమాట. ఆ రాత్రి రెండో నంబరు టబ్బు ముందు కూర్చుని పిల్లల్ని మూడుసార్లు లెక్కపెట్టాను. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఇక మీ సంగతి. మీ దగ్గరున్న ప్రతి పాములోనూ నల్ల గుణం తప్పకుండా ఉంది, ఎందుకంటే తల్లి నల్లది. ఆ ఒక్క మాట నిలిచింది. ఆల్బినో మాట మాత్రం నిలవలేదు కాబట్టి 15 పాములకూ, పాముకి 100 డాలర్ల చొప్పున వెనక్కి ఇస్తున్నాను. మీరు అడగక్కర్లేదు, కాగితాలు పంపక్కర్లేదు, పాము మీ దగ్గరే ఉంటుంది. డబ్బు బదులు పాము కావాలంటే, ఈ ఏడు పుట్టిన 11 ఆల్బినోల్లోంచి ఒకటి తీసుకోండి. మీ తొమ్మిది కుటుంబాలకూ ఇచ్చాకే బయటివారికి అమ్ముతాను. కంటికి కనబడే ఆల్బినో విషయంలో నా మాట మీద ఆధారపడే పని లేదు.

మీ పాములకు పుట్టిన పిల్లల్ని హెట్లని చెప్పి మీరు ఎవరికైనా అమ్మి ఉంటే, దయచేసి వాళ్ళకి కబురు చెయ్యండి. అలా చెప్పడం కష్టంగా ఉంటే నంబరు ఇవ్వండి, నేనే మాట్లాడతాను. తప్పు నాది.

బయట నుంచి తెచ్చిన ఆడపాము మొదటి ఈతని ఇకపై హెట్లని అమ్మను. మామూలు ధరకే, "తండ్రి తెలియదు" అని రాసి ఇస్తాను. అసలు బయటి పాముల్ని తేవడమే బాగా తగ్గించాను. ఒకసారి ఇంట్లో మిగతా పాముల మధ్య పెట్టినదాన్ని తిరిగి వదలకూడదు, జబ్బులు అడవి పాములకి అంటుకుంటాయి. కాబట్టి తెస్తే జీవితాంతం బాధ్యతే. ప్లెయిన్స్ గార్టర్ అనే మరో జాతి ఒహాయోలో అంతరించిపోతున్నవాటి జాబితాలో ఉంది. అది కనబడితే ఫోటో తీసి వచ్చేస్తాను.

కొందరు అడుగుతున్నారు కాబట్టి ఇదీ చెప్తున్నాను. ఇండియాకి పంపను. అక్కడ మీవాళ్ళు ముచ్చటపడి ఊళ్ళో నీరుకట్టెని పట్టి పెంచుతామన్నా వద్దనండి, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఇక్కడ కూడా రాష్ట్రానికో రూలు ఉంది. జార్జియాలో అయితే స్థానికంగా ఉండే విషం లేని పాముల్ని కూడా ఇంట్లో పెంచుకోనివ్వరు. పాము అడిగే ముందు మీ రాష్ట్రం ఏదో చెప్పండి.

తిండి గురించి ఒక్క మాట. గోల్డ్‌ఫిష్ చవకని కొనకండి. వాటిలో ఉండే పదార్థం బీ1 విటమిన్‌ని విరిచేస్తుంది, వారం వారం అవే పెడితే పాముకి ఫిట్స్ వస్తాయి. పెద్ద వానపాములు, సాల్మన్, తిలాపియా ముక్కలు పెట్టండి.

ఆల్బినో పిల్ల కావాలనుకున్నవారు నవంబరు 5 లోపల చెప్పండి. ఆ తర్వాత చలి ముదిరితే పార్సిల్ దారిలోనే పిల్ల ప్రాణం పోతుంది, మార్చి దాకా పంపలేను. డబ్బు మాత్రం ఈ శుక్రవారమే అందరికీ వేసేస్తున్నాను. ఆ కుర్రాడు ఆల్బినో ఆడపిల్లని అడిగాడు. ఏడో నంబరు టబ్బులో ఉన్నది అతనిదే, అందరికన్నా బాగా తింటోంది.